పుట్టిన నెల, సెలెక్షన్ లిస్టు: పిల్లల జట్లలో వయసు తేడాను లెక్కగట్టిన అనుభవం

పిల్లల జట్ల సెలెక్షన్ లిస్టు ఏది చేతికొచ్చినా ముందు పుట్టిన తేదీల వరుస చూడటం నాకు అలవాటు. వయసు కటాఫ్, అంటే ఒక వయసు విభాగంలో ఎవరు ఆడొచ్చో తేల్చే పుట్టిన తేదీ హద్దు, జనవరి 1 అయితే, అండర్-13, అండర్-15 లిస్టుల్లో జనవరి, ఫిబ్రవరి, మార్చి పిల్లలే ఎక్కువగా కనిపిస్తారు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు పిల్లల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ నెలల్లో పుట్టినవాళ్లకు ఆట రాదని ఏ కోచ్ కూడా అనడు. అయినా లిస్టు అలాగే తయారవుతుంది. ఈ తేడా ఎంత ఉందో, ఎక్కడ మొదలైందో లెక్కగట్టి, సెలెక్షన్ పద్ధతి మార్చి, మళ్లీ లెక్క చూసుకునే పనిలో ఏ అడుగు ఎలా వేయాలో, ఎక్కడ కాలు జారుతుందో రాస్తున్నాను.

దీన్ని సాపేక్ష వయసు ప్రభావం అంటారు. ఒకే ఏడాది కటాఫ్ కింద ఆడే పిల్లల్లో జనవరి మొదట్లో పుట్టినవాడికీ డిసెంబరు చివర్లో పుట్టినవాడికీ దాదాపు పన్నెండు నెలల తేడా. పదేళ్ల పిల్లాడికి అది బతికిన కాలంలో పదో వంతు. ఆ వయసులో పిల్లలు ఏడాదికి సుమారు 5 నుంచి 6 సెంటీమీటర్లు ఎదుగుతారు. పెద్దవాడు కాస్త పొడుగ్గా, కాస్త బరువుగా, కాస్త వేగంగా ఉంటాడు. కోచ్ చెప్పింది ఒక్క మాటకే అర్థం చేసుకుంటాడు. సెలెక్టర్ కంటికి అదంతా ప్రతిభలాగే కనిపిస్తుంది. ఎంపికైనవాడికి మంచి కోచింగ్, ఎక్కువ మ్యాచ్‌లు, మెరుగైన ప్రత్యర్థులు దొరుకుతారు. రెండేళ్లు గడిచేసరికి అతను నిజంగానే మంచి ఆటగాడవుతాడు. మొదట లేని తేడా అలా తయారవుతుంది. అప్పుడు లిస్టు చూసి ‘మేం సరిగ్గానే ఎంపిక చేశాం’ అనుకుంటాం.

1985లో రోజర్ బార్న్స్‌లీ, ఆయన సహచరులు కెనడా ఐస్ హాకీలో దీన్ని లెక్కలతో చూపించారు. అక్కడి పై స్థాయి జూనియర్ జట్లలో జనవరి-మార్చి పిల్లలు అక్టోబరు-డిసెంబరు పిల్లలకు సుమారు నాలుగు రెట్లు ఉన్నారు. ఆ నెలలకే ఏదో బలం ఉందేమోనన్న అనుమానం బెల్జియంతో తీరిపోయింది. 1997లో అక్కడ యువ ఫుట్‌బాల్ కటాఫ్ తేదీని ఆగస్టు 1 నుంచి జనవరి 1కి మార్చారు. అంతవరకు ఆగస్టు పిల్లలకున్న అనుకూలత జనవరి పిల్లలకు మారింది. జపాన్‌లో బడి సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి అక్కడ ముందుండేది ఏప్రిల్-జూన్ పిల్లలు. అంటే వాతావరణం, రాశి, జన్మనక్షత్రం ఏదీ కారణం కాదు. మనం ఒక తేదీ దగ్గర గీసిన గీతే కారణం.

అందుకే మొదటి పని ఆ గీత ఎక్కడుందో ఖాయం చేసుకోవడం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. టోర్నమెంటుకు ఒక కటాఫ్, బడికి ఇంకో కటాఫ్ ఉండొచ్చు. నెలల్ని క్యాలెండర్ ప్రకారం కాకుండా కటాఫ్ నుంచి లెక్కించి నాలుగు త్రైమాసికాలు చేయాలి. కటాఫ్ సెప్టెంబరు 1 అయితే సెప్టెంబరు-నవంబరు మొదటి త్రైమాసికం, జూన్-ఆగస్టు నాలుగోది. పన్నెండేళ్లవాళ్లూ పదమూడేళ్లవాళ్లూ ఒకే జట్టులో ఆడే రెండేళ్ల విభాగమైతే నాలుగు త్రైమాసికాలు చాలవు, ఎనిమిది కావాలి. లేకపోతే చిన్న ఏడాది జనవరి పిల్లాడు, పెద్ద ఏడాది జనవరి పిల్లాడు ఒకే గడిలో పడతారు, అసలు తేడా కనపడకుండా పోతుంది. అబ్బాయిల లెక్క, అమ్మాయిల లెక్క కలపకూడదు. అమ్మాయిల్లో ఈ ప్రభావం సాధారణంగా తక్కువ. జిమ్నాస్టిక్స్ లాంటి చోట్ల, పెద్దగా కనిపించే శరీరం అనుకూలం కాని చోట్ల, దాని తీరే వేరు.

రెండో పని తేదీలు నిజమా కాదా అని చూడటం. అన్ని తేదీల్నీ నెల, రోజు ప్రకారం పేర్చి చూస్తే గుట్టలు తెలిసిపోతాయి. కటాఫ్ దాటిన మొదటి వారంలో అసహజంగా ఎక్కువమంది ఉంటే, అది సాపేక్ష వయసు ప్రభావం కాకపోవచ్చు. వయసు తగ్గించి రాయించిన తేదీలు గీతకు ఇవతల పక్కనే వచ్చి పడుతుంటాయి. ఇవి మొదటి త్రైమాసికాన్ని దొంగగా పెంచుతాయి. నిజమైన ప్రభావం అయితే నెలనెలకూ మెట్లు దిగినట్టు తగ్గుతుంది, ఒక్క తేదీ దగ్గర స్తంభంలా లేవదు. వయసు తప్పుగా చెప్పినవాళ్లను ఎముకల ఎదుగుదలను బట్టి పట్టుకోవడానికి ఫుట్‌బాల్‌లో ఫిఫా 2009 అండర్-17 ప్రపంచ కప్ నుంచి మణికట్టు ఎమ్మారై వాడుతోంది. చిన్న జట్లకు అది అందదు కాబట్టి, ఆసుపత్రి జనన ధ్రువపత్రం లేని తేదీలకు ఒక గుర్తు పెట్టి, వాటిని తీసేసి ఒకసారి, ఉంచి ఒకసారి లెక్క వేస్తాను. రెండు ఫలితాలూ ఒకేలా వస్తే భయం లేదు.

ఇక అసలు లెక్క. తుది జట్టు ఒక్కదాన్నే చూస్తే సగం కథే తెలుస్తుంది. పిల్లలు దాటే ప్రతి గుమ్మం దగ్గరా లెక్క కావాలి: ఆటలో పేరు నమోదు చేసుకున్నవాళ్లు, ట్రయల్స్‌కు వచ్చినవాళ్లు, ప్రాబబుల్స్ (తుది జట్టుకు ముందు వడపోసిన లిస్టు), తుది జట్టు, మ్యాచ్‌లో నిజంగా ఆడిన నిమిషాలు, మరుసటి ఏడాది మళ్లీ వచ్చినవాళ్లు.

ఉదాహరణకు ట్రయల్స్‌కు 200 మంది వచ్చారనుకుందాం. మొదటి త్రైమాసికం నుంచి 62, రెండు నుంచి 54, మూడు నుంచి 46, నాలుగు నుంచి 38. అందులో 40 మందిని తీసుకున్నారు: 16, 11, 8, 5. జట్టులో మొదటి, చివరి త్రైమాసికాల నిష్పత్తి 16కి 5, అంటే 3.2 రెట్లు. ఇది చూడగానే నింద సెలెక్టర్ల మీద పడుతుంది. కానీ విడదీసి చూడండి. ట్రయల్స్‌కు వచ్చినవాళ్లలోనే 62కి 38, అంటే 1.63 రెట్ల తేడా ఉంది. సెలెక్టర్లు మొదటి త్రైమాసికం నుంచి వందకు 25.8 మందిని, చివరి దాని నుంచి వందకు 13.2 మందిని తీసుకున్నారు, ఇది 1.96 రెట్లు. రెండింటినీ గుణిస్తే 3.2. తేడాలో గణనీయమైన భాగం సెలెక్టర్ మైదానంలోకి రాకముందే ఉంది. చిన్న పిల్లల తల్లిదండ్రులు ‘మనవాడు ఇంకా చిన్నోడు, తర్వాత చూద్దాం’ అనుకున్నారు, లేదా ఆ పిల్లలే బెంచి మీద కూర్చుని విసిగి ముందు ఏడాదే మానేశారు. సెలెక్టర్లకు ఎంత శిక్షణ ఇచ్చినా ఆ 1.63 మారదు. దాన్ని మార్చాలంటే నమోదు దగ్గర, మొదటి ఏడాది ఆట సమయం దగ్గర పని చేయాలి.

ఈ లెక్కలో ఇంకో గోతి ఉంది. ఆ 40 మంది లిస్టును అన్ని త్రైమాసికాలూ సమానమన్న ఊహతో, అంటే పదేసి మందితో పోల్చి కై-స్క్వేర్ పరీక్ష (తేడా కేవలం యాదృచ్ఛికంగా వచ్చిందేనా అని చూసే లెక్క) వేస్తే: 16కి తేడా 6, వర్గం 36, 11కి 1, 8కి 4, 5కి 25. మొత్తం 66, పదితో భాగిస్తే 6.6. నాలుగు గడులకు 5 శాతం హద్దు 7.815. అంటే 6.6 హద్దు దాటలేదు, ‘తేడా లేదు’ అని రాసేస్తారు. కంటికి అంత స్పష్టంగా కనపడే తేడా లెక్కలో తేలకపోవడానికి కారణం జట్టు చిన్నది కావడం. అదే నిష్పత్తిలో రెండేళ్ల లిస్టులు కలిపి 80 మందిని చూస్తే 32, 22, 16, 10 వస్తాయి, విలువ 13.2 అవుతుంది, హద్దు దాటుతుంది. ఒక్క ఏడాది ఒక్క జట్టు మీద తీర్పు చెప్పవద్దు. రెండు మూడేళ్లు కలపండి, కానీ ఒకే పిల్లాడు రెండు లిస్టుల్లో ఉంటే ఒక్కసారే లెక్కించండి. ప్రతి గడిలో రావలసిన సంఖ్య కనీసం 5 ఉండాలి, అంటే 20 మందికి తక్కువైన జట్టు మీద ఈ పరీక్ష వేయకూడదు. జననాలు కూడా ఏడాది పొడవునా సమానంగా ఉండవు కాబట్టి, వీలైతే పోలిక నమోదైన పిల్లలతో చేయడం మేలు.

లెక్క తేలాక చాలామంది చేసే పని కోచ్‌లను కూర్చోబెట్టి చెప్పడం. చెప్పాలి, కానీ చెప్పడం ఒక్కటే పనిచేయదు. దీని మీద 2017లో వచ్చిన మాన్, వాన్ గిన్నెకెన్‌ల ప్రయోగం నాకు చాలా ఉపయోగపడింది. ఫుట్‌బాల్ స్కౌట్లు, అంటే క్లబ్బుల కోసం ప్రతిభ వెతికేవాళ్లు, పిల్లల ఆట చూసి ర్యాంకులిచ్చారు. ఒక గుంపుకు వయసు వివరమే ఇవ్వలేదు, ఒక గుంపుకు పుట్టిన తేదీల కాగితం ఇచ్చారు, మూడో గుంపుకు జెర్సీ నంబర్లే వయసు వరుసలో ఉన్నాయని చెప్పారు. తేదీల కాగితం చేతిలో ఉన్నవాళ్లలోనూ పక్షపాతం పోలేదు. నంబర్ల గుంపులో పోయింది. ఆట చూస్తున్న క్షణంలో కంటికి కనిపించే సమాచారానికే విలువ ఉంటుంది.

దీన్ని ఎలా చేయాలంటే: ట్రయల్‌కు ముందు రోజు పిల్లల్ని పుట్టిన తేదీ ప్రకారం పేర్చి, అందరికన్నా పెద్దవాడికి 1, అందరికన్నా చిన్నవాడికి చివరి నంబరు ఇవ్వాలి. రెండు జట్లుగా విడగొట్టేటప్పుడు బేసి సంఖ్యలు ఒక పక్క, సరి సంఖ్యలు ఇంకో పక్క పెడితే రెండు జట్లలోనూ వయసులు సమంగా పరుచుకుంటాయి. చెడేది చిన్న విషయాల వల్ల. ఆలస్యంగా వచ్చినవాడికి మిగిలిన బిబ్ (పైన తొడిగే నంబరు చొక్కా) ఇచ్చేస్తారు, వరుస పోతుంది. దీనికి ముందే పుట్టిన నెలకు ఒకటి చొప్పున ఖాళీ నంబర్లు వదిలిపెట్టాలి. గోల్‌కీపర్ తనకు 1 కావాలంటాడు, ఇవ్వకూడదు. విరామంలో పిల్లలు బిబ్‌లు మార్చుకుంటారు. రెండో సెషన్ ముందు ఒకసారి పేరు పిలిచి సరిచూసుకోవాలి. సెలెక్టర్లకు ఈ పద్ధతిని ఒక్కసారి చెప్పి వదిలేయకుండా, మార్కుల కాగితం పైన ‘1 పెద్ద, 40 చిన్న’ అని రాసి ఉంచితే మరిచిపోరు.

పరుగెత్తడం, దూకడం, విసరడం లాంటి కొలవగలిగే పరీక్షలకు ఇంకో దారి ఉంది: వయసును బట్టి కాలాన్ని సరిదిద్దడం. స్విట్జర్లాండ్ పిల్లల 60 మీటర్ల పరుగులో దీన్ని చేసి చూపారు. వచ్చిన పిల్లలందరి టైములూ, పరీక్ష రోజు నాటికి నెలల్లో వాళ్ల వయసూ ఎక్సెల్‌లో రెండు వరుసలుగా పెట్టి స్లోప్ ఫంక్షన్ వేస్తే, నెల వయసుకు ఎన్ని సెకన్లు తగ్గుతున్నాయో వస్తుంది. అది నెలకు 0.02 సెకన్లు అనుకుందాం. జనవరి పిల్లాడు 9.40లో, డిసెంబరు పిల్లాడు 9.60లో పరుగెత్తారు. పదకొండు నెలలకు 0.22 తీసేస్తే డిసెంబరు పిల్లాడిది 9.38. మామూలు లిస్టులో వెనకబడ్డవాడు ఇప్పుడు ముందున్నాడు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు ప్రాణం. మొదటిది, ఆ స్లోప్‌ను ఎంపికైన పిల్లల నుంచి తీయకూడదు, వచ్చినవాళ్లందరి నుంచీ తీయాలి. ఎంపికైనవాళ్లలో ఉన్న చిన్న పిల్లలు మామూలుకన్నా వేగం గలవాళ్లు, అందుకే నిలిచారు. వాళ్లతో లెక్క వేస్తే వయసుకూ వేగానికీ సంబంధమే లేనట్టు గీత బల్లపరుపుగా వస్తుంది, దిద్దుబాటు సున్నా అవుతుంది. రెండోది, చేతి స్టాప్‌వాచ్. దాంట్లో పొరపాటు 0.2 సెకన్ల దాకా ఉంటుంది, అంటే పైన చెప్పిన లెక్కలో పది నెలల వయసుతో సమానం. ఎలక్ట్రానిక్ టైమింగ్ లేకపోతే ఇద్దరు కొలిచి సగటు తీయాలి, ప్రతి పిల్లాడికీ రెండు పరుగులైనా ఇవ్వాలి. అబ్బాయిలకూ అమ్మాయిలకూ, ఒక్కో పరీక్షకూ స్లోప్ వేరుగా వేయాలి. వందమంది కూడా లేకపోతే ఆ సంఖ్యను నమ్మకుండా రెండేళ్లు కలిపి వేయడం మంచిది.

ఇంతవరకు చెప్పింది పుట్టిన నెల గురించి. దీన్నీ శరీరం ఎదిగే వేగాన్నీ కలిపేయడం అనుభవజ్ఞులైన కోచ్‌లు కూడా చేసే తప్పు. డిసెంబరులో పుట్టి త్వరగా ఎదిగే పిల్లాడుంటాడు, జనవరిలో పుట్టి ఆలస్యంగా ఎదిగేవాడుంటాడు. పుట్టిన నెల తేడా ఎప్పటికీ పన్నెండు నెలలు దాటదు. ఎదుగుదల తేడా ఒకే తరగతి పిల్లల మధ్య అంతకు ఎన్నో రెట్లు ఉండొచ్చు. ఎత్తు అన్నింటికన్నా వేగంగా పెరిగే దశ అబ్బాయిల్లో సగటున పద్నాలుగేళ్ల దగ్గర, అమ్మాయిల్లో పన్నెండేళ్ల దగ్గర వస్తుంది. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లల జట్లలో కనిపించేది ప్రధానంగా నెలల తేడా. పదమూడు, పద్నాలుగు దగ్గర కనిపించేది రెండింటి కలయిక.

ఎదుగుదల కోసం మూడు నెలలకోసారి కొలతలు తీయాలి. ఎత్తు, కూర్చున్న ఎత్తు, బరువు. ఉదయం కన్నా సాయంత్రం ఎత్తు తగ్గుతుంది కాబట్టి ఎప్పుడూ ఒకే పూట కొలవాలి. రెండుసార్లు కొలిచి, తేడా 0.4 సెంటీమీటరు మించితే మూడోసారి కొలిచి మధ్య విలువ తీసుకోవాలి. కూర్చున్న ఎత్తులోంచి పిల్లాడు కూర్చున్న పెట్టె ఎత్తు తీసేయడం మరిచిపోయే తప్పు మామూలుగా జరుగుతుంది. పెట్టె మీదే దాని ఎత్తు రాసి అంటించండి.

ఖామిస్-రోచ్ పద్ధతి 1994లో వచ్చింది. పిల్లాడి వయసు, ఎత్తు, బరువు, తల్లిదండ్రుల సగటు ఎత్తు ఇస్తే పెద్దయ్యాక ఎంత ఎత్తవుతాడో అంచనా వస్తుంది. ఇప్పటి ఎత్తు 148, అంచనా 172 అయితే అతను 86 శాతం దగ్గరున్నాడు. అదే వయసువాడు 160 ఉండి అంచనా 176 అయితే 90.9 శాతం. ఇలా శాతాన్ని బట్టి జట్లు కట్టడాన్ని బయో-బ్యాండింగ్ అంటారు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ అకాడమీలు 85-90 శాతం మధ్య పిల్లలతో టోర్నమెంట్ నడిపి చూశాయి. త్వరగా ఎదిగినవాళ్లకు మొదటిసారి బలంతో కాకుండా ఆలోచనతో ఆడాల్సి వచ్చింది. ఆలస్యంగా ఎదిగేవాళ్లకు తమ నైపుణ్యం చూపే అవకాశం దొరికింది. దీన్ని మామూలు వయసు మ్యాచ్‌లకు తోడుగా వాడాలి, వాటి స్థానంలో కాదు.

ఇందులో పొరపాట్లు ఎక్కడ వస్తాయంటే, తల్లిదండ్రులు నోటితో చెప్పే ఎత్తులో. సాధారణంగా ఎక్కువే చెబుతారు. వీలైనంతవరకు కొలవండి. అబ్బాయిల్లో సగంమందికి అంచనా 2.2 సెంటీమీటర్ల లోపే తప్పుతుంది, మిగతా సగానికి అంతకన్నా ఎక్కువ. పైన చెప్పిన 148 పిల్లాడి అంచనా 2.2 అటూ ఇటూ అయితే శాతం 85 నుంచి 87 వరకు మారుతుంది. అంటే 85, 90 హద్దుల దగ్గరున్న పిల్లాడిని లెక్కకు వదిలేయకుండా, రెండు గుంపుల్లోనూ ఆడించి చూడాలి. పైగా ఈ సూత్రం అమెరికాలోని ఒహాయో పిల్లల కొలతల నుంచి తయారైంది. వేరే జనాభాలో పిల్లల వరుసను పోల్చుకోవడానికి సరే, ఒక పిల్లాడి భవిష్యత్ ఎత్తు ఇంతే అని తీర్పు చెప్పడానికి పనికిరాదు. ఒక పిల్లాడి ముందు ఆ అంకె పెట్టి ‘నువ్వు ఇంతకు మించి ఎదగవు’ అనడం నాకు క్షమించరాని పనిగా అనిపిస్తుంది.

నియమాలతో సరిదిద్దే దారులూ ఉన్నాయి. తొమ్మిది నెలల విభాగాలు పెడితే ప్రతి సీజన్‌లోనూ పెద్దవాళ్లు, చిన్నవాళ్లు మారిపోతుంటారు. ఇంగ్లండ్ స్క్వాష్‌లో పుట్టినరోజు నాడు పై విభాగానికి జరిగే పద్ధతి ఉంది, అక్కడ ఎప్పటికీ చిన్నగా ఉండిపోయే పిల్లాడంటూ ఉండడు. బెల్జియం ఫుట్‌బాల్ సమాఖ్య ఆలస్యంగా ఎదిగే పిల్లలకు ఫ్యూచర్స్ పేరుతో వేరే జాతీయ జట్లు పెట్టింది. జట్టు సగటు వయసుకు హద్దు పెట్టే నియమం కూడా ప్రతిపాదనలో ఉంది. నేనైతే దాన్ని తొందరపడి ఒప్పుకోను, ఎందుకంటే సగటు కోసం చిన్నపిల్లల్ని జట్టులో చేర్చి బెంచి మీద కూర్చోబెడతారు. ఆ నియమం పెట్టేవాళ్లు జట్టు జాబితాను కాకుండా ఆడిన నిమిషాలను త్రైమాసికాల ప్రకారం లెక్కించాలి.

చివరిదాకా నిలిచిన చిన్న నెలల పిల్లల గురించి ఒక ముఖ్య విషయం. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి) 1980 నుంచి 2006 వరకు ఎంపికైనవాళ్లను చూస్తే, ఏడాది రెండో సగంలో పుట్టినవాళ్లను వాళ్ల తర్వాతి ఆటకు తగ్గ స్థానం కన్నా కిందికి పిలిచారని తేలింది. పద్దెనిమిదేళ్లు దాటినా సెలెక్టర్ల కన్ను నెలల తేడాను వదలలేదు. చిన్నవాళ్లుగా పోరాడి మిగిలినవాళ్లు గట్టివాళ్లు అన్న మాటలో నిజం ఉంది. కానీ ఆ మాట మిగిలినవాళ్ల గురించే. దారిలో మానేసినవాళ్లు ఆ లెక్కలో లేరు. అందుకే ఆ మాటను చిన్నవాళ్లను తీసేయడానికి సాకుగా వాడకూడదు.

తీసుకోని పిల్లల ఫైలు తీసుకున్నవాళ్ల ఫైలంత జాగ్రత్తగా ఉండాలి. ప్రతి పేరు ముందు పరీక్ష రోజు వయసు నెలల్లో, ఎత్తు, కూర్చున్న ఎత్తు, దిద్దిన టైము రాయాలి. బంతి మీద అదుపు, ఆటను చదివే తీరు వేరే గడిలో ఉండాలి, శరీరం గురించిన మాట ఆ గడిలోకి రాకూడదు. మూడు, నాలుగు త్రైమాసికాల పిల్లల్లో నైపుణ్యం గడిలో మంచి మార్కులున్నవాళ్లను ఆరు నెలలకు మళ్లీ పిలవాలి. ఆ రోజు మైదానంలోకి దింపే ముందే కొలతలు తీసుకోవాలి, తర్వాత కొత్తవాళ్లతో కలిపి వయసు వరుస నంబర్లే ఇవ్వాలి. ఎవరు రెండోసారి వచ్చారో సెలెక్టర్లకు మార్కులు వేయడం పూర్తయ్యేదాకా చెప్పకూడదు.